నూట పన్నెండో పేజీలో లేని మాట

నా ఎం.ఏ. ఇంగ్లీష్ డిసర్టేషన్ మొదటి అధ్యాయాన్ని మా కాలేజీ కొత్తగా తెప్పించిన సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే, అందులో నా సొంతమని తేలినవి రెండే. ఒకటి నా పేరు, రెండోది మా ఊరి పేరు. మిగతాదంతా ఎర్రగా వచ్చింది. ఎక్కడి నుంచో ఎత్తి రాసిన వాక్యాల మీద అది ఎర్రరంగు పూస్తుంది. అమ్మానాన్నలకు నేను చెప్పుకున్న కృతజ్ఞతల పేజీ కూడా ఎర్రగానే ఉంది. వాళ్లు నాకోసం పడ్డ కష్టం గురించి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ రాశాననుకున్నాను. అవే నీళ్లు నాకన్నా ముందు చాలామంది పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది.

దొంగతనం చేస్తున్నానన్న ఆలోచన నాకు నిజంగా లేదు. మాది చీపురుపల్లి దగ్గర చిన్న ఊరు. ఇంట్లో అందరూ గోగు, నువ్వులు, కాస్త వరి పండించేవాళ్లు. రోజూ పొద్దున్నే రైలెక్కి విజయనగరం వచ్చి చదువుకునేదాన్ని. డిగ్రీ మూడేళ్లూ ఇంగ్లీషు పరీక్షల్లో నేను రాసిన ప్రతి జవాబూ బజారు నోట్సులోంచి కంఠతా పట్టిందే. ఎంత బాగా దించితే అన్ని మార్కులు వేశారు. అదే పని ఇంకాస్త పెద్ద ఎత్తున చేస్తే పరిశోధన అవుతుందనుకున్నాను. పైగా నేను ఎంచుకున్న అంశం, ఒక ఇంగ్లీషు నవలలో సముద్రం. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది మూడుసార్లు. మూడుసార్లూ పిక్నిక్కే.

నా గైడ్ మా డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా సీనియర్ మేష్టారు. ఇదే కాలేజీలో చదివి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, ఇరవై ఏళ్లకు పైగా పరిశోధనా పద్ధతుల పేపరు చెబుతున్నారు. ఏ మాట ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పకపోతే అది చదువు కాదు అనేది ఆయన మొదటి క్లాసు, చివరి క్లాసు కూడా. కోపం వస్తే ఆయన గొంతు తగ్గిపోతుంది. ఆ రోజు ఏమంటున్నారో వినడానికి నేను కుర్చీ ముందుకు జరుపుకోవలసి వచ్చింది.

"ఇంత రాశావు కదమ్మా. ఇందులో నీకు నిజంగా నచ్చిన మాట ఒక్కటైనా ఉందా?"

ఉంది. ఒక విదేశీ విమర్శకుడి కొటేషన్. ఒడ్డున నిలబడి చూసేవాడికి సముద్రం సౌందర్యం, అందులో బతికేవాడికి అది శ్రమ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. కిందటేడు పాసైన సీనియర్ డిసర్టేషన్‌లోంచి తీసుకున్నాను. ఎందుకు నచ్చిందో చెప్పగలను. ఒక సాయంత్రం పెరట్లో గోగునార కట్టలు కడుతున్న మా అమ్మకి దాన్ని తెలుగులో చెప్పాను. అమ్మ తలెత్తలేదు.

"ఏ దేశపోడు సెప్పాడే అది?"

"ఇంగ్లండాయన."

"మన సేను పక్కనుంచి రైల్లో ఎల్లేవోలు కూడా పచ్చగా ఉన్నాదనే అనుకుంటారు. దానికి ఇంగ్లండెందుకు?"

అమ్మకి అర్థమైన మొట్టమొదటి సాహిత్య విమర్శ అది. అందుకని ఆ వాక్యం మీద నాకు గౌరవం పెరిగింది.

నేను ఆ వాక్యాన్ని వేలితో చూపించగానే మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్లీ తీశారు.

"వేరేదేదైనా తీసుకో."

"నచ్చింది ఇదే సార్."

"సరే. అయితే దీని పుట్టుక కనుక్కుని రా. సీనియర్ రాసిందని చెప్పకు, ఇంటర్నెట్లో ఉందని చెప్పకు. అసలు పుస్తకం, అసలు పేజీ, నీ కళ్లతో చూసి రా. అది చూపించాకే రెండో అధ్యాయం" అన్నారు.

ఒక పూట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

మా కాలేజీ లైబ్రరీలో పాత డిసర్టేషన్లన్నీ ఒక ఇనప బీరువాలో ఉంటాయి. తాళం లైబ్రరీ అటెండరు దగ్గర ఉంటుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నేను వెళ్లి బీరువా తీయమనగానే ఆయన ఏమీ అడక్కుండా పచ్చ అట్టది ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకో పాపా. ఏటేటా అందరూ దీన్నే తీసుకెల్తారు. దించుకోడానికి బాగుంటాదంట."

"దించడానికి కాదు బాబాయ్. చూడ్డానికి."

ఆయన నన్ను కొంచెం అనుమానంగా చూశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎవరూ అన్నట్టు లేదు.

ఒక్కో డిసర్టేషనే తీసి వెనక్కి వెనక్కి వెళ్లాను. కిందటేడు సీనియర్ ఆ వాక్యాన్ని పచ్చ అట్ట దాంట్లోంచి తీసుకున్నాడు. పచ్చ అట్ట ఆవిడ అంతకు ముందుదాంట్లోంచి. సముద్రంతో సంబంధం లేని వాళ్లు కూడా వాడేశారు. ఒకాయన రాజుల నాటకాల మీద రాసి, అందులో ఆ వాక్యాన్ని ఒక తుఫాను సీను దగ్గర దూర్చాడు. పేజీ నంబరు ఒక దాంట్లో నూట పన్నెండు, ఇంకో దాంట్లో నూట ఇరవై ఒకటి, మరో దాంట్లో ఉత్త పన్నెండు. విమర్శకుడి పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంది. మధ్యలో కొన్నేళ్ల పాటు ఆయన ఆడమనిషిగా మారి, తర్వాత మళ్లీ మగవాడయ్యాడు. ఒక దాంట్లో మహాకవి అన్నారు. వాక్యం మాత్రం ఎక్కడా అక్షరం మారలేదు.

సముద్రపు నవలల మీద ఆ విమర్శకుడు రాసిన అసలు పుస్తకం మా లైబ్రరీలోనే ఉందని కేటలాగులో చూసి నేను ఆశ్చర్యపోయాను. పై అరలో, గోడవైపుకి ఉంది. దుమ్ము దులిపి వెనక అట్ట తెరిస్తే, పుస్తకం తీసుకెళ్లిన వాళ్లకి తేదీ ముద్ర వేసే చీటీ మీద ఒకే ఒక్క ముద్ర ఉంది. పాతికేళ్లకు పైబడి డజనుమంది ఈ పుస్తకంలోంచి కొటేషన్ ఇచ్చారు. ఒక్కరు తప్ప ఎవరూ దాన్ని తెరవలేదు. ఆ ముద్ర మీద తేదీని నా నోట్‌బుక్కులో రాసుకున్నాను.

నూట పన్నెండో పేజీ తీశాను. ఓడల్లోకి బొగ్గు ఎలా ఎక్కించేవారో రాసి ఉంది. నూట ఇరవై ఒకటిలో బొగ్గు ఎక్కించడం అయిపోయి, ఓడ బయల్దేరింది. పన్నెండో పేజీలో రచయిత తన మిత్రులకి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాడు. అవి ఆయన సొంతవేనో కాదో నాకు తెలియదు.

పేజీ తప్పు పడి ఉంటుందని పుస్తకం మొత్తం చదవడం మొదలుపెట్టాను. చీపురుపల్లికీ విజయనగరానికీ మధ్య రైల్లో, కిటికీ పక్కన సీటు దొరికినప్పుడూ దొరకనప్పుడూ, నిలబడి కూడా చదివాను. మొదట్లో ప్రతి వాక్యాన్నీ అదేనా కాదా అని అనుమానించి చదివేదాన్ని. నాలుగైదు రోజులకి అది మర్చిపోయి, ఆయన ఏం చెబుతున్నాడో వినడం మొదలెట్టాను. ఆయన సముద్రాన్ని శ్రమ అనలేదు. అసలు ఆయనకి సముద్రం పెద్దగా ఇష్టం లేదు, నవలల్లో దాని వర్ణనలు ఎక్కువైపోయాయని విసుక్కున్నాడు. ఆఖరి పేజీ చదివి పుస్తకం మూసినప్పుడు నాకు రెండు సంగతులు తెలిశాయి. ఆ వాక్యం ఇందులో లేదు. అట్ట నుంచి అట్ట దాకా నేను చదివిన మొదటి ఇంగ్లీషు పుస్తకం ఇదే. లేనిదాని కోసం వెతక్కపోతే ఉన్నదాన్ని ఎప్పటికీ చదివి ఉండేదాన్ని కాదు.

మర్నాడు మళ్లీ బీరువా దగ్గరికి వెళ్లాను. కింది అరలో అడుగున, చెదలు అంచు కొరికిన నల్లట్ట డిసర్టేషన్ ఒకటి మిగిలింది. టైపు మిషను మీద కొట్టినది. ఆ వాక్యం అందులో ఉంది, నూట పన్నెండో పేజీ అని ఫుట్‌నోట్‌తో సహా. దాని ముందు సంవత్సరాలవి వేటిలోనూ ఆ వాక్యం లేదు. దాని మీద సంవత్సరం, పుస్తకం వెనక ఉన్న ఒకే ఒక్క ముద్ర సంవత్సరం ఒకటే. మొదటి పేజీ తిప్పి రాసిన విద్యార్థి పేరు చూశాను.

మా గైడ్ పేరు.

అటెండరు నా భుజం మీదుగా తొంగి చూశాడు. "మన మేష్టారిదే. అప్పుడు ఎలాగుండేవోరో తెలుసా, బక్కగా, పుల్లలాగ" అన్నాడు.

దాన్ని పట్టుకుని నేను సరాసరి స్టాఫ్ రూముకి వెళ్లలేదు. రెండు రోజులు కాలేజీకే వెళ్లలేదు. ఇంట్లో జ్వరమని చెప్పాను. దించి రాసినందుకు నన్ను తప్పుపట్టిన మనిషి, అసలు లేనిదాన్ని పుట్టించి రాశాడు. అడిగితే నా డిసర్టేషన్ ఏమవుతుంది? అడక్కపోతే రెండో అధ్యాయం ఎలా మొదలవుతుంది? ఆఖరికి నన్ను కదిలించింది ధైర్యం కాదు, సబ్మిషన్ తేదీ దగ్గరపడటం.

మధ్యాహ్నం భోజనాల వేళ, స్టాఫ్ రూములో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, నల్లట్ట పుస్తకం, విమర్శకుడి పుస్తకం రెండూ బల్ల మీద పెట్టాను. ఆయన క్యారేజీ మూత పెట్టేసి చెయ్యి కడుక్కుని వచ్చారు.

"మొత్తం చదివావా?"

"చదివాను సార్. ఎక్కడా లేదు."

"ఉండదు. ఆ మాట నేను రాసింది."

క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పారు, అదే స్థాయిలో, మధ్యలో ఆగకుండా. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ వాక్యాన్ని తన మాటగానే రాశారట. అప్పటి వాళ్ల గైడ్ దాని కింద గీత గీసి, పక్కన ఎర్రసిరాతో, ఎవరన్నారు అని రాశారు. నేనే అన్నాను సార్ అన్నారట ఈయన. "అనడానికి నువ్వెవరివి?" అని అడిగారట ఆయన. వారం తర్వాత అదే వాక్యానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి, అప్పుడే లైబ్రరీలోంచి తెచ్చుకున్న పుస్తకం రచయిత పేరు, చేతికొచ్చిన పేజీ నంబరు వేసి తీసుకెళ్లారు. ఈసారి గైడ్ పక్కన టిక్కు పెట్టి, ఎక్సలెంట్ అని రాశారు.

"తర్వాత నేనిక్కడే చేరాను. రెండో ఏడు ఒక స్టూడెంటు దాన్ని వాడాడు. నాకు చెమటలు పట్టాయి. మూడో ఏడు ఇంకొకరు. అప్పుడు నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసిందమ్మా. నా పేరుతో ఉంటే ఎవరూ ముట్టుకోరు కదా." క్యారేజీని బల్ల అంచుకి జరిపారు. "ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని చూశాను. అడక్కుండా ఉండాలని కూడా అనుకున్నాను. పాఠం మాత్రం సరిగ్గానే చెప్పాను."

అది నిజమే. పాఠం ఆయన సరిగ్గానే చెప్పారు.

"అయితే ఇప్పుడు దీనికి ఫుట్‌నోట్ మీ పేరు మీద ఇవ్వాలా సార్?"

ఆయన తటపటాయించారు. అప్పటిదాకా పుస్తకంలా ఉన్న భాష ఒక్కసారిగా మారింది. "నాది కూడా కాదేమోనే. మా నాన్నమ్మ అనేది. శ్రీకూర్మం అవతల, సముద్రం ఒడ్డున మా ఊరు. గంప నెత్తినెట్టుకుని సేపలమ్మేది. నా సిన్నప్పుడు అలాటిదేదో అంది. నాను ఇంగ్లీషు సేసుకున్నాను, అంతే."

ఒక మేష్టారి నోట ఆ భాష వినడం నాకదే మొదటిసారి. ఆయనకే వినపడి, సర్దుకుని కూర్చున్నారు.

"నా మాట కూడా నమ్మకు. నాన్నమ్మ లేదు. మా మేనత్త ఉంది, ఆవిడ కూతురు. వెళ్లి అడిగి రా. మనిషి నోటి నుంచి విన్నదానికి కూడా ఒక పద్ధతి ఉంది, పేరు, ఊరు, ఎవరు ఎప్పుడు అడిగారు, అన్నీ రాయాలి."

ఆ ఆదివారం శ్రీకాకుళం బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలు మారి, శ్రీకూర్మం దాటి ఆ ఊరు చేరాను. మేష్టారి మేనత్త ఇసకలో పరిచిన వల మీద కవ్వళ్లు ఎండబెడుతోంది. చేపల పేరు తర్వాత ఆవిడే చెప్పింది. చేతిలో నోట్‌బుక్కు, పెన్ను చూసి నేను ఏదో సర్వేకి వచ్చాననుకుంది.

"మా ఇంట్లో అందరి ఆధార్‌లూ ఇచ్చేసినాం పాపా."

మేష్టారి పేరు చెప్పి, ఆయన పంపారని చెప్పాక నీడలోకి పిలిచి కూర్చోబెట్టింది. నేను వచ్చిన పని చెప్పాను. సముద్రం చూసేవాడికి సౌందర్యం, బతికేవాడికి శ్రమ అని వాళ్లమ్మ అనేవారట కదా అని అడిగాను.

ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. "మా యమ్మ అలాగనలేదు" అంది ఆఖరికి.

బీరువా అడుగున ఇంకో బీరువా ఉన్నట్టనిపించింది.

"మరి మేష్టారు..."

"ఆడా? ఆడు సిన్నప్పుడు పుస్తకం అట్టుకుని ఒడ్డున కూకునేవోడు. నీల్లకేసి సూత్తా ఉండేవోడు. మా యమ్మ పడవకాడ్నుంచి గంప మోసుకొత్తా, ఆడ్ని సూసి తిట్టీది. ఒడ్డున కూకున్న ఎదవకి సంద్రం అందంగానే ఉంటాది, నా నడుం ఇరిగిపోతన్నాది, లెగిసి గంప అట్టుకోరా అనీది. రోజూ అదే తిట్టు. ఊరందరికీ తెలుసు." ఒక చేపని తిరగేసి పెట్టింది. "ఆడు లెగిసీవోడు కాదు. అందుకే మేష్టరైనాడు."

రాసుకున్నాను. సాక్ష్యానికి పక్కింటావిడని కూడా అడిగాను. ఆవిడా అదే చెప్పింది, తిట్టు ఇంకాస్త ఘాటుగా. బయల్దేరబోతుంటే మేనత్త నన్ను ఆపింది.

"ఇది పుస్తకంలో రాత్తావా?"

"రాస్తాను మామ్మా."

"రాత్తే తిట్టని రాయి. మంచి మాటని రాయకు. మా యమ్మకి అలాటివి రావు."

సోమవారం మేష్టారికి నా నోట్సు చదివి వినిపించాను. యాసతో సహా, ఉన్నదున్నట్టు. వింటున్నంతసేపూ ఆయన బల్ల మీద పెన్నుని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు.

"అది నా గురించా?" అన్నారు. చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వడం ఆపి, "ఇన్నాళ్లూ అది సముద్రం గురించనుకున్నాను" అన్నారు.

ఆయన చెప్పినట్టే ఫుట్‌నోట్ రాశాను. మేనత్త పేరు, ఊరు, ఇంటర్వ్యూ చేసిన రోజు, తిట్టు, తిట్టుకి ఇంగ్లీషు అనువాదం, ఆ తర్వాత మేష్టారి నల్లట్ట డిసర్టేషన్. ఫుట్‌నోట్ పేజీలో సగం దాకా వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే ఆ సగం పేజీ మీద ఒక్క ఎర్ర చుక్క లేదు. అలాంటి తిట్టు ఇంటర్నెట్‌లో ఎక్కడా లేదన్నమాట. మిగతా అధ్యాయాలు అలా కుదర్లేదు. రెండో అధ్యాయం నాలుగుసార్లు తిరిగి రాశాను.

వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. పెద్దాయన, చాలా వ్యాసాలు రాసిన మనిషి. నా డిసర్టేషన్‌ని వెనక నుంచి ముందుకి తిరగేసి, ఫుట్‌నోట్ దగ్గర ఆగారు.

"ఎవరమ్మా ఈవిడ?"

"చేపలు ఎండబెడతారు సార్."

"ఇంటర్వ్యూ అంటే రచయితలతో చేస్తారు, పండితులతో చేస్తారు. సముద్రం మీద ఒక విమర్శకుడి అద్భుతమైన మాట ఉంది, మీ డిపార్ట్‌మెంటు నుంచి వచ్చే ప్రతి డిసర్టేషన్‌లోనూ చూస్తుంటాను. ఆయన పేరు వదిలేసి ఈ తిట్లేమిటి?"

నేను మేష్టారి వైపు చూడలేదు. "వెతికాను సార్, ఆ పుస్తకంలో దొరకలేదు" అన్నాను.

"సరిగ్గా వెతికి ఉండవు. నూట పన్నెండో పేజీ."

పేజీ నంబరు ఆయన ఏ కాగితమూ చూడకుండానే ఠక్కున చెప్పారు. అప్పుడు మేష్టారు నోరు విప్పారు.

"ఆ అమ్మాయి సరిగ్గానే వెతికింది సార్. ఆ మాట అందులో లేదు. అది విద్యార్థిగా ఉన్నప్పుడు నేను కల్పించింది."

ఎగ్జామినర్ చేతిలో బిస్కట్టు టీలో మెత్తబడి విరిగి పడిపోయింది. ఆయన కప్పులోకి చూస్తూ, గొంతు తగ్గించి అడిగారు.

"పేజీ నంబరు కూడా మీరే వేశారా?"

"నేనే సార్."

"నా వ్యాసంలో కూడా అదే పేజీ ఉంది" అన్నారాయన.

ఇక ప్రశ్నలేవీ అడగలేదు. మార్కులు మాత్రం ఒక మాదిరిగానే వేశారు. ఫుట్‌నోట్‌ని కుదించమని రిమార్కు రాశారు. నేను కుదించలేదు.

రిజల్టు వచ్చాక సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్తే, మేష్టారు లైబ్రరీలో ఉన్నారని చెప్పారు. తన నల్లట్ట డిసర్టేషన్‌లో ఆ పేజీ మీద, ఈ మాట ఫలానా విమర్శకుడిది కాదు అని సవరణ చీటీ అంటించాలని ఆయన కోరిక. అటెండరు ఒప్పుకోలేదు.

"లైబ్రరీ పుస్తకం మీద ఏదీ అంటించకూడదు సార్. రూలు."

"నేను రాసిందే కదయ్యా."

"రాసింది మీరే. పుస్తకం లైబ్రరీది."

మేష్టారు ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీలో జరిగిందంతా వివరంగా రాశారు. ఆఫీసులో దాన్ని దేని కింద నమోదు చెయ్యాలో తెలియక కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆఖరికి అచ్చుతప్పు సవరణకు అనుమతించడమైనది అని ముద్ర వేసి పంపారు. నేను వెళ్లిన రోజే ఆ కాగితం వచ్చింది.

మేష్టారు దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. చీటీకి జిగురు రాసి, పేజీ మీద జాగ్రత్తగా అంటించి, ఆరేదాకా అరచేత్తో నొక్కిపట్టుకుని కూర్చున్నారు. అటెండరు తాళం పట్టుకుని బీరువా దగ్గర నిలబడ్డాడు. నాకు రైలు టైమైంది, వెళ్లొస్తానని చెప్పాను.

"ఎల్లు, బేగెల్లు" అన్నారు మేష్టారు, చెయ్యి తియ్యకుండా.